వేలికి అంటని తడి

మా ల్యాబులో తడిగుడ్డాయన అంటే ఎవరైనా చెబుతారు. బయటివాళ్లు మాత్రం ఆ పేరు వినగానే ఆయన వైపు అదోలా చూసేవారు. తడిగుడ్డతో గొంతులు కోసే రకాన్ని అందరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు కదా, ఈయనా ఆ బాపతే అనుకునేవారు. నిజానికి ఆయన తడిగుడ్డతో తుడిచేది రాళ్లని. ముప్పై ఒక్క ఏళ్లు అదే పని. గొంతు కోయడం అటుంచి, ఆ గదిలో ఆయన గొంతు పెంచగా నేను విన్నది లేదు.

రాళ్లు తుడవడం కూడా ఒక ఉద్యోగమేనా అని పెళ్లయిన కొత్తలో మా ఆవిడ అడిగింది. నేను గంటసేపు వివరించాను. సగంలోనే నిద్రపోయింది. అప్పటినుంచి క్లుప్తంగా చెప్పడం నేర్చుకున్నాను.

భూమి అడుగున నూనె ఉందంటే చెరువులా ఉంటుందనుకుంటారు చాలామంది. చెరువు కాదు, రాయే. ఇటుక నీళ్లు పీల్చుకున్నట్టు ఆ రాయి తన సన్నటి సందుల్లో నూనెని దాచుకుని ఉంటుంది. కొన్నిచోట్ల నూనె ఉండదు, ఉత్త ఉప్పునీళ్లే ఉంటాయి. ఉప్పునీళ్లలోంచి కరెంటు సులువుగా పోతుంది, నూనెలోంచి పోదు. అందుకని బావి తవ్వాక లోపలికి ఒక పరికరం దింపి, అక్కడి రాయి కరెంటుకి ఎంత అడ్డుపడుతోందో చూస్తారు. బాగా అడ్డుపడిందనుకోండి. ఆ అడ్డు నూనె వల్లనా, లేక ఆ రాయి తీరే అంతా? అది తేలాలంటే అక్కడి రాతిముక్కనే పైకి తెచ్చి, శుభ్రంగా కడిగి, ఉప్పునీళ్లతో నింపి, నూనె చుక్క లేనప్పుడు అది ఎంత అడ్డుపడుతుందో విడిగా కొలవాలి. ఆ కొలిచే గది మాది. మా అంకె తక్కువొస్తే లోపల అడ్డుపడుతున్నది నూనే. ఎక్కువొస్తే అడ్డుపడేది రాయే, నూనె కాదు, బావిలో సిమెంటు పోసి సామాన్లు సర్దుకోండి అని అర్థం.

గదిలో మేం ముగ్గురం. రాతిముక్కలు పొట్టి కొవ్వొత్తుల్లా గుండ్రంగా కోసి వస్తాయి. వాటిని ఇనుప డబ్బాలో పెట్టి, పంపుతో గాలంతా లాగేసి, ఉప్పునీళ్లు వదిలి, మూడు రోజులు నానబెట్టే పని ఒకావిడది. ఆవిణ్ని అందరం పంపక్క అనేవాళ్లం. నానిన ముక్కని తీసి, తుడిచి, రెండు వెండి రేకుల మధ్య బిగించి కరెంటు పంపి కొలవడం, వెంటనే త్రాసులో తూచడం తడిగుడ్డాయన పని. ఆయన చెప్పిన అంకెలు రిజిస్టరులో ఎక్కించి గ్రాఫులు గీయడం నా పని. ముగ్గురిలో చేతికి తడి అంటనిది నాకొక్కడికే. ఆ మాట పంపక్క వారానికోసారైనా గుర్తుచేసేది.

ఇక ఆ తుడవడం సంగతి. డబ్బాలోంచి తీసిన ముక్క మీద నీటిబొట్లుంటాయి. వాటిని అలాగే వదిలేస్తే కరెంటు రాయి లోపలికి పోకుండా పైపైనే జారిపోతుంది, అంకె తగ్గుతుంది. పోనీ పొడిగుడ్డతో తుడిస్తే ఆ గుడ్డ రాయి సందుల్లోంచి కూడా నీళ్లు లాగేస్తుంది. రాయి ముఖం ఎండితే వెండి రేకుకీ రాయికీ మాట కలవదు, అంకె పైకెక్కి కూర్చుంటుంది. కాబట్టి గుడ్డని అవే ఉప్పునీళ్లలో ముంచి పిండాలి. ఎంత పిండాలి అంటే దానికి మీటరు లేదు. ఆయన చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య గుడ్డని నలిపి చూసేవాడు.

“చల్లగా తగలాలి. వేలికి మాత్రం తడి అంటకూడదు,” అనేవాడు. “అంతే చదువు. దీనికి కాలేజీలు లేవు.”

నేను చేరిన మొదటివారం ఆయన సెలవు పెట్టిన రోజున, ఉత్సాహం ఆపుకోలేక ఒక ముక్కని నా జేబురుమాలుతో తుడిచి కొలిచాను. మర్నాడు ఆయన ఆ అంకె చూసి నా రుమాలు అడిగి తీసుకున్నాడు.

“దీంతో ముక్కు తుడుచుకున్నావా?”

“అయ్యో, లేదండీ. ఉతికిందే.”

“తుడుచుకుని ఉండాల్సింది నాయనా. కాస్త తడన్నా ఉండేది.”

పంపక్క ఆ మాటని ఆర్నెల్లు అటూ ఇటూ మోసింది. క్యాంటీన్లో నేను తుమ్మితే చాలు, “కొలతకి సిద్ధమా తమ్ముడూ,” అనేది.

ఆయన వేళ్లకి ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఎవరి బట్ట కనిపించినా పట్టుకుని చూసేవి. మా ఆఫీసరు కొత్తగా వచ్చిన రోజు, పరిచయం చేస్తుండగానే ఆయన చొక్కా అంచు రెండు వేళ్లతో నలిపి, “సగం నూలు, సగం పాలిస్టరు,” అన్నాడు. అసలు నూలని చెప్పించుకుని కొన్నదట ఆ చొక్కా. ఆఫీసరు ముఖం చూడాల్సింది.

ఆయన పెళ్లి కూడా వేళ్ల మీదుగానే జరిగింది. పందొమ్మిదో ఏట సీసాలు కడిగే పనికి ల్యాబులో చేరాడు. బల్ల దగ్గరికి రానిచ్చిన రోజున వేసుకోవడానికని ఒక ప్యాంటు కుట్టించుకున్నాడు. తీసుకోవడానికి కుట్టుదుకాణానికి వెళ్తే కౌంటరులో దర్జీగారమ్మాయి ఉంది. ఈయన ప్యాంటు తీసుకుని జేబులో వేళ్లు పెట్టి, “లోపలి గుడ్డ ఇంకా చెమ్మగా ఉంది, ఇస్త్రీ సరిగా పట్టలేదు,” అన్నాడు. ఆ అమ్మాయి లాక్కుని చూసింది. చెమ్మ ఉంది. “ఇన్నేళ్లలో ఇది కనిపెట్టిన మొగాణ్ని మిమ్మల్నే చూశాను,” అందట. ఆవిడే మా వదిన. ఇప్పటికీ ఇంట్లో ముందుగదిలో మిషను పెట్టుకుని కుడుతుంది. ఒకరు సూదితో, ఒకరు గుడ్డతో, ఇద్దరూ వేళ్లని నమ్ముకుని బతికినవాళ్లు.

అయితే ఆ గదిలో ఒక రివాజు ఉంది. చెయ్యిగానీ కన్నుగానీ తేడా చేస్తే మనిషిని బల్ల దగ్గర ఉంచరు. మైక్రోస్కోపు చూసే పెద్దమనిషికి చూపు మందగిస్తే కింద స్టోరులో వేశారు. రాళ్ల పెట్టెల మీద నంబర్లు సరిచూసుకుంటూ రెండేళ్లు అక్కడే కూర్చుని రిటైరయ్యాడు. తడిగుడ్డాయన స్టోరు ముందు నుంచి వెళ్లేటప్పుడు నడక కాస్త పెంచేవాడు. మనం గమనించామని తెలిస్తే, “లోపల దుమ్మయ్యా,” అనేవాడు.

ఆయన రిటైరు కావడానికి ఇంకా ఏడాదికి పైనే ఉందనగా, క్యాంటీనువాడు గాజు గ్లాసులు తెచ్చాడు. వాటిలో పొగలుగక్కే టీ పోసిస్తే మేమంతా గ్లాసుని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారుస్తూ గంతులేస్తున్నాం. ఆయన మాత్రం నిండు గ్లాసుని గుప్పిట్లో పట్టుకుని నిమ్మళంగా నిలబడ్డాడు.

“మీవి చేతులా, వెన్నముద్దలా?” అన్నాడు.

“ఉప్పునీళ్లలో ఊరీ ఊరీ మీ చెయ్యి తోలుముక్క అయిపోయింది అన్నయ్యా,” అంది పంపక్క.

అందరం నవ్వాం. నేనైతే ఆయన్ని మెచ్చుకున్నాను కూడా. ఆయనకి షుగరుందని మాకు తెలుసు. తెలిసీ అంత నవ్వు ఎలా నవ్వామో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

తర్వాత రెండు నెలలకి ఎనిమిది ముక్కలు వచ్చాయి. కొత్త బావివి. అక్కడ మనుషులు పని ఆపి మా అంకె కోసం కూర్చున్నారు. పంపక్క మూడు రోజులు నానబెట్టింది. ఆయన తుడిచాడు, కొలిచాడు, తూచాడు. నేను రాసుకున్నాను. గ్రాఫు గీద్దామని కూర్చుంటే అంకెలన్నీ మామూలు కంటే ఎత్తున ఉన్నాయి. తూకం చూశాను. పూర్తిగా నానిన ముక్క తూగాల్సిన దానికంటే ఒక్కోటీ ఇంచుమించు అర గ్రాము తక్కువ. అంటే రాయి సందుల్లో నిండాల్సిన నీళ్లు పూర్తిగా లేవు.

నీళ్లు లేవంటే నింపినవాళ్లదే తప్పు. నాకు ఇంకో ఆలోచనే రాలేదు. తుడిచినవాడు తడిగుడ్డాయన అయినప్పుడు ఇంకో ఆలోచన ఎలా వస్తుంది? ఆయన్నే అడిగాను.

ఆయన అంకెలు చూసి, “గాలి మిగిలిపోయినట్టుంది. పంపు పాతదైంది,” అన్నాడు. ఆ మాట ఆయన మనస్ఫూర్తిగా నమ్మే అన్నాడు.

నేను రిజిస్టరులో చివరి గడిలో, నాకున్న ముత్యాల్లాంటి అక్షరాలతో, “నానబెట్టడంలో లోపం” అని రాశాను. రాసి ఊరుకోవచ్చు కదా. పంపక్కతో ఒక మాట అనకుండా రిజిస్టరు పట్టుకెళ్లి ఆఫీసరుకి చూపించాను. ఆ అక్షరాలు అందంగా వచ్చాయన్న తృప్తి కూడా ఆ వెళ్లడంలో ఉందేమోనని నా అనుమానం.

ఆఫీసరు చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. మళ్లీ నానబెట్టమన్నాడు. పంపక్కని పిలిచి నిలబెట్టి అడిగాడు. ఆవిడ బయటికొచ్చి నా బల్ల ముందు ఆగింది.

“ఏం తమ్ముడూ, నా డబ్బాలో గాలుందని కనిపెట్టావట.”

“నేను కాదక్కా, తూకం...”

“తూకం నడుచుకుంటూ వెళ్లిందా ఆఫీసరు గదిలోకి?”

ఆవిడ వెళ్లి పంపు మూత విప్పి, రబ్బరు రింగు మార్చి, గొట్టాలన్నీ కడిగి, మూడు రోజులకి బదులు ఐదు రోజులు నానబెట్టింది. భోజనానికి కూడా డబ్బా పక్కనుంచి కదల్లేదు.

ఆరో రోజు ఆయన మళ్లీ తుడిచాడు. మళ్లీ అర గ్రాము తక్కువ. అంకెలు మళ్లీ ఎత్తునే.

ఆ మధ్యాహ్నమే ఆఫీసరు కాగితం రాశాడు. సోమవారం నుంచి పంపు ఇంకొకరికి అప్పగిస్తారు, పంపక్క సీసాలు కడిగే విభాగానికి వెళ్లాలి. బావివాళ్లకి సోమవారమే అంకె పంపేస్తారు, ఇంక ఆగలేరు. ఆ అంకె వెళ్తే బావి మూసేస్తారు. పంపక్క కాగితం చదివి మడిచి జాకెట్టులో పెట్టుకుంది. “నా పంపు అబద్ధం చెప్పదు,” అంది. ఎవరితో అందో తెలియదు. పద్దెనిమిదేళ్లుగా ఆవిడదీ పంపు.

తర్వాత జరిగింది వదిన నాతో చెప్పిన సంగతి.

ఆదివారం ఆవిడ ముందుగదిలో జాకెట్టు గుడ్డ పరిచి పిన్నులు గుచ్చుతోంది. ఈయన గుడ్డ పట్టుకుని సాయం చేశాడు. తర్వాత లేచి చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతున్నాడు. వదిన కూర వడ్డించబోయి ఆగిపోయింది. ఆయన చూపుడువేలి కొసలో గుండుపిన్ను దిగబడి ఉంది. తల మాత్రం పైకి కనిపిస్తోంది. ఆయన దాంతోనే చేతులు కడుక్కున్నాడు, దాంతోనే అన్నం కలుపుతున్నాడు.

“కదలకండి,” అని ఆవిడ పిన్ను లాగింది. చిన్న రక్తపుబొట్టు వచ్చింది.

ఆయన వేలిని చూసుకున్నాడు తప్ప చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

“ఎన్నాళ్లనుంచి?” అందావిడ.

“తిమ్మిరి ఏడాదినుంచి ఉంది. పైపైన. పనికి అడ్డం రాలేదు.”

“డాక్టరుకి చెప్పారా?”

“షుగరు నరాల మీద పడిందన్నాడు. ఎవరికీ చెప్పకు. ఇంకో ఏడాది గట్టెక్కితే చాలు.”

వదిన లోపలికి వెళ్లి రెండు గుడ్డముక్కలు తెచ్చింది. ఒకటి నీళ్లలో ముంచి గట్టిగా పిండింది, ఒకటి పొడిది. ఆయన్ని కళ్లు మూసుకోమని రెంటినీ వేళ్ల మధ్య పెట్టింది.

“ఏది తడిది?”

ఆయన చాలాసేపు నలిపాడు. ఒకటి చూపించాడు. అది పొడిది.

“నేనేమీ అనలేదయ్యా,” అని చెప్పింది వదిన. “ఆ గుడ్డముక్కలు తీసేసి కూర వడ్డించాను. ఆయనే అన్నం ముందు కూర్చుని, పంపక్క పేరెత్తి, ‘ఆ పిల్లని సీసాల దగ్గరికి పంపుతున్నారు,’ అన్నారు.” పంపక్కకి నలభై ఆరేళ్లు. ఆయనకి మాత్రం చేరిన రోజునుంచీ పిల్లే.

సోమవారం నేను వెళ్లేసరికి ఆయన అప్పటికే బల్ల దగ్గర ఉన్నాడు. ముందు గిన్నెలో ఉప్పునీళ్లు, చేతిలో గుడ్డ. రోజూ పిండినట్టే పిండాడు. వేళ్ల మధ్య నలిపాడు. నన్ను పిలిచాడు.

“ఏమయ్యా గ్రాఫులూ, ఇలా రా. ఇది పట్టుకో.”

పట్టుకున్నాను.

“ఎలా ఉంది?”

నా చేతికి ఆరేసిన బట్టలా తగిలింది. ఆయన చేతుల్లో బలం ఏమీ తగ్గలేదు, ఆ బలంతో ఎక్కడ ఆపాలో తెలియక చివరిదాకా పిండేశాడు. “కొంచెం పొడిగా...” అన్నాను.

“కొంచెమా?”

“బాగా.”

“ముక్కు తుడుచుకుని ఉంటే బాగుండేదా?”

నవ్వమనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన గుడ్డ నా చేతిలోంచి తీసుకుని, మడతపెట్టి గిన్నె అంచున ఆరేశాడు. నిజంగానే ఆ క్షణంలో ఆయనకి దారులు చాలా ఉన్నాయి. గుడ్డ సంగతి ల్యాబులో తెలిసింది మా ఇద్దరికే. మూడోసారి నన్ను పక్కన పెట్టుకుని సరిగా తుడిచి, పంపు బాగుపడిందని చెప్పుకోవచ్చు. నేను ఆ సలహా ఇచ్చాను కూడా. దాచడమెందుకు, ఇచ్చాను.

“ఏడాదే కదండీ. రోజూ నేను పట్టి చూసి చెబుతాను. ఎవరికి తెలుస్తుంది?”

“పంపక్కకి తెలుస్తుంది,” అన్నాడు. “తను సరిగానే నానబెట్టిందని తనకి తెలుసు. నేను ఊరుకుంటే సీసాలు కడుగుతూ రోజూ అదే తలుచుకుంటుంది.”

రిజిస్టరు అడిగి తీసుకున్నాడు. నా ముత్యాల అక్షరాల మీద ఒకే ఒక గీత, కింద అక్షరాలు కనిపించేలా గీసి, పక్కన “తుడవడంలో లోపం” అని రాసి సంతకం పెట్టాడు. కలం పట్టుకున్న తీరు చూశాను. వేళ్లతో కాదు, కళ్లతో పట్టుకున్నట్టుంది.

ఆఫీసరు గదిలో పంపక్క అప్పటికే నిలబడి ఉంది, తాళంచేతులు అప్పగించడానికి. మేమిద్దరం వెళ్లాం. ఆయన రిజిస్టరు బల్లమీద పెట్టాడు.

“సార్, డబ్బాలో గాలి లేదు. నా వేళ్లలో స్పర్శ లేదు. ఎనిమిది ముక్కలూ రెండుసార్లూ పొడిగుడ్డతో తుడిచాను. ఏడాదినుంచి తిమ్మిరుంది, చెప్పలేదు.”

ఆఫీసరు రిజిస్టరు చూశాడు, ఆయన్ని చూశాడు. “ఈ ఏడాదిలో మిగతా కొలతలు?” అన్నాడు.

“తూకాలన్నీ చూసుకుని వచ్చాను సార్. పోయిన నెలదాకా సరిపోతున్నాయి. చెడింది ఈ ఎనిమిదే. నమ్మకం లేకపోతే అన్నీ మళ్లీ కొలిపించండి, నేను అడ్డుచెప్పను.”

అందుకే పొద్దున్నే అంత త్వరగా వచ్చాడని అప్పుడు తెలిసింది.

“మిమ్మల్ని బల్ల దగ్గర ఉంచలేను,” అన్నాడు ఆఫీసరు, మెల్లగా.

“తెలుసు సార్.”

పంపక్క తాళంచేతులు మళ్లీ నడుముకి దోపుకుంది. బయటికి రాగానే వరండాలో ఆయన ముందు నిలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఆయనా ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు.

“రింగు కొత్తది వేశాను అన్నయ్యా, మీ మూలాన,” అంది. “పాతదే బాగుండేది.” అని పంపు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. అరగంట తర్వాత పంపు చప్పుడు మొదలైంది.

ఆఫీసరు బావివాళ్లకి ఫోను చేసి ఇంకో మూడు రోజులు అడిగాడు. వాళ్లు ఏమన్నారో గానీ, ఫోను పెట్టేశాక ఆయన ముఖం ఎర్రగా ఉంది. మూడో రోజు డబ్బా మూత తీశారు. తుడవాల్సిన పని నా మీద పడింది, జేబురుమాలు ఖ్యాతి ఉన్నవాడి మీద. తడిగుడ్డాయన్ని ఆ ఒక్కరోజు పక్కన నిలబడనిచ్చారు. నేను గుడ్డ పిండి, రెండు వేళ్ల మధ్య నలిపి, సరిపోయిందనుకున్నాను. ఆయన చెయ్యి చాపి తీసుకుని, వేళ్లతో కాకుండా పైపెదవికి ఆనించుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

“ఇంకొక్క పిండు,” అన్నాడు.

పిండాను. మళ్లీ పెదవికి ఆనించుకుని తల ఊపాడు. అలా ఎనిమిది ముక్కలకీ ఎనిమిదిసార్లు. తూకాలు నిండుగా వచ్చాయి. అంకెలు దిగాయి, ఎక్కడ ఉండాలో అక్కడికి. బావి మూయొద్దని కబురు వెళ్లింది. ఆ తర్వాత అక్కడ ఎంత నూనె వచ్చిందో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మర్నాటినుంచి ఆయన స్టోరులో కూర్చున్నాడు. దుమ్ము గురించి మాత్రం ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. నేను ఏదో వంకతో రోజూ కిందికి దిగేవాణ్ని. చేతిలో గుడ్డ ఉండేది. ఆయన దాన్ని పెదవికి ఆనించి, ఒక్కోరోజు “సరే” అనేవాడు, ఒక్కోరోజు “పైకెళ్లి మళ్లీ ముంచుకో” అనేవాడు. నాలుగైదు నెలలకి ఒకరోజు గుడ్డని నాకు తిరిగిచ్చేస్తూ, “ఇంక తేకు. నీకొచ్చేసింది,” అన్నాడు. నాకు సంతోషం కలగాల్సింది. మెట్లెక్కి పైకి రావడానికే చాలాసేపు పట్టింది.

క్యాంటీనులో మాత్రం పాత చోటే, పాత బల్లే. క్యాంటీనువాడు ఆ గాజు గ్లాసుల్ని మానలేదు. పొగలుగక్కే టీ తెచ్చి పెడితే ఆయన అలవాటుగా చెయ్యి చాపేవాడు. పంపక్క ముందే గ్లాసుని తన వైపు లాక్కుని, వేళ్లతో ముట్టుకుని చూసేది.

“ఆగండి అన్నయ్యా. ఇంకా కాలుతోంది.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, ఆవిడ చెప్పేదాకా ఆగేవాడు.